ఒంటిగంట రెండుసార్లు కొట్టిన రోజు

ఒక బుధవారం మా ఫ్యాక్టరీలో ఒంటిగంట రెండుసార్లు కొట్టింది. మొదటిసారి కొట్టగానే కుట్టు మిషన్లన్నీ ఆగి జనం అన్నానికి లేచారు. పది నిమిషాల తరువాత మళ్ళీ కొట్టింది. సగం మంది చేతిలో ముద్ద పట్టుకుని గేటు వైపు చూశారు. ఇప్పుడు తినాలా, తిన్నది కక్కాలా అని ఎవరో అడిగితే షెడ్డంతా నవ్వింది. నేను మాత్రం కంప్యూటర్ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. రెండు గంట మోతలకూ కారణం నేనే.

తమిళనాడులో వేలూరు, గుడియాత్తం మధ్య దారిలో ఉన్న ఒక చెప్పుల ఫ్యాక్టరీలో సిస్టం అడ్మిన్‌గా పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను సర్వర్ల గురించి, బ్యాకప్‌ల గురించి అడుగుతారు. వాటికి పుస్తకాలు ఉన్నాయి. నేను చెప్పగలిగింది ఒకటే, కంప్యూటర్‌లో టైమ్ మార్చడం గురించి. అదేం పెద్ద విద్యా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో పెద్దవన్నీ ఆ చిన్న విద్యలోనే చేశాను.

నాలుగు అక్షరాలు

నల్లటి తెర మీద date అని నాలుగు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఒక్క వరుస వస్తుంది. వారం, తేదీ, నెల, గంట, నిమిషం, సెకను, ఏ దేశపు టైమో, ఏ సంవత్సరమో అన్నీ అందులోనే ఉంటాయి. ఇది చూపించడం. ఎవరైనా చెయ్యవచ్చు. ఎవరికీ హాని లేదు.

అదే మాట పక్కన మనకు కావలసిన టైమ్ రాసి కొడితే కంప్యూటర్ ఆ టైమ్‌ను నమ్ముతుంది. ఇది మార్చడం. అందరూ చెయ్యలేరు, రూట్ అధికారం, అంటే ఆ కంప్యూటర్ మీద పూర్తి పెత్తనం, ఉండాలి. మొదటిసారి ఆ అధికారం నా చేతికి వచ్చినప్పుడు గంటను ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు జరిపి చూశాను. దేవుడైనవాడు కూడా మొదటి రోజు ఇలాగే ఆడుకుని ఉంటాడని నవ్వుకున్నాను. అప్పుడు వేలూరులో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. వయసు ముప్పైకి లోపు. తల ఆకాశంలో ఉండేది.

ఐదు నెలలు

ఆ కాలేజీలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పాత సర్వర్ టైమ్ మరిచిపోయేది. ఒక మార్చి ఎనిమిదో తేదీ ఉదయం పదింబావుకు దాన్ని సరిచేయబోయాను. మనం తేదీ ముందు రాసి తరువాత నెల రాస్తాం. ఆ కమాండ్‌కు నెల ముందు రావాలి. నేను మన పద్ధతిలోనే కొట్టాను.

date 08031015

ఎంటర్ నొక్కాను. జవాబుగా ఒక వరుస వచ్చింది. చదవకుండా టీ తాగడానికి వెళ్ళాను. నేను టీ తాగి వచ్చేలోపు మా కాలేజీకి ఆగస్టు మూడో తేదీ వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం లైబ్రరీ ప్రింటర్ ఆగకుండా కాగితాలు కక్కుతూనే ఉంది. పుస్తకం తీసుకున్న ప్రతివాడికీ గడువు దాటిందని నోటీసు. ముందు రోజే నిఘంటువు పట్టుకుపోయిన ప్రిన్సిపాల్‌కు కూడా, ఐదు నెలలుగా పుస్తకం ఇవ్వలేదని, క్రమశిక్షణ చర్య తీసుకుంటామని. లైబ్రేరియనమ్మది మేల్పాడి ఊరు. ఆ కాగితాల కట్టను నా బల్ల మీద పెట్టి నిలబడింది.

"నాయనా, నిన్న శివరాత్రి జాగారం చేసి ఇంకా నా కండ్ల నిద్దర తీరలా. అప్పుడే ఆగస్టు వచ్చేసిందే! నడమ ఐదు నెలలు యాడికి పోయినాయి?"

 ఆవిడే మళ్ళీ అంది. "మామిడి పండ్ల కాలం కూడా దాటించేసినావు గదప్పా. పాపిష్టోడా!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ప్రిన్సిపాల్ నవ్వలేదు కానీ క్షమించాడు. నవ్వులతో తేలిపోయిన తప్పు నాకేమీ నేర్పలేదు. నెల ముందు రాయాలని మాత్రం నేర్చుకున్నాను. వచ్చిన వరుసను చదవాలని నేర్చుకోలేదు.

మా నాన్న పది నిమిషాలు

అసలు కథకు ముందు మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మాది గుడియాత్తం. నాన్న లుంగీల వ్యాపారం చేసేవాడు. రైలు స్టేషను ఊరికి దూరం. ఒకసారి సరుకు మూటతో స్టేషనుకు చేరేసరికి బెంగుళూరు రైలు తోక కనిపించిందట. ఆ రోజు నుంచి మా ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుకు జరిగాయి. గోడ గడియారం, అలారం, నాన్న చేతి వాచీ, నా పెళ్ళికి ఆయన కొనిచ్చిన నా వాచీ, అన్నీ.

"వాచీ మోసం చేస్తా ఉండాదని తెలిసినా కాళ్ళు బిరబిరా నడుస్తాయి రా. అదీ దాని గొప్ప" అనేవాడు.

టైమ్ ఎంత అని ఎవరైనా అడిగితే వాచీ చూసి మనసులో పది తీసేసి చెప్పడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తప్ప ఎప్పుడూ తీసివేయడం మరచిపోలేదు.

రాహుకాలం

నేను కాలేజీ వదిలి చెప్పుల ఫ్యాక్టరీలో చేరాక, అక్కడ కొత్త హాజరు పద్ధతి పెట్టిన సంవత్సరం జరిగిన కథ ఇది. గేటు దగ్గర ఒక మిషను. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కార్డు చూపిస్తే మిషను టైమ్ రాసుకుంటుంది. ఆ మిషనుకు టైమ్ చెప్పేది నా గదిలో ఉన్న సర్వర్. సర్వర్‌కు టైమ్ చెప్పేది ఇంటర్నెట్. మిషను తెర మీద అంకెలు చూసి వాచ్‌మన్ దొరస్వామి గంట కొడతాడు. ఉదయం ఎనిమిదికి పని మొదలు. ఐదు నిమిషాలు మినహాయింపు. ఆ తరువాత వచ్చినవాళ్ళ పేరు పక్కన లేటు పడుతుంది.

ప్రారంభం శుక్రవారం పెట్టుకున్నాం. మా మొదలాళి, అంటే ఫ్యాక్టరీ యజమాని, మావాడే, తెలుగాయన. క్యాలెండర్ చూడకుండా తుమ్మడు కూడా. పదింబావులోపు మంచి గంట, పదిన్నరకు రాహుకాలం. అంతా సిద్ధం. మిషనుకు పూలమాల వేశాం, సర్వర్‌కు విభూతి పెట్టాం, కీబోర్డు మీద నిమ్మకాయ పెట్టాం. పూజ చేసే అయ్యవారే రాలేదు. పళ్ళికొండ దగ్గర ఆయన బండి పంక్చర్ అయింది. చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి పదీ నలభై.

మొదలాళి మొహం మాడిపోయింది. మరుసటి వారానికి వాయిదా వేద్దామా అంటే, వేలూరు నుంచి పిలిచిన పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కాసేపు ఆలోచించి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, మిషన్‌లో టైము నీ చేతిలో కదా ఉండాది?"

"ఆమా, నా చేతిలోనే సార్."

"అయితే వెనక్కి తిప్పు. పదీ ఐదు పెట్టు. మొదటి కార్డు మంచి గంటలో పడితే చాలు. రాహువేమన్నా నా గోడ గడియారం చూస్తాడా ఏంది?"

అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. కుదరదని చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పకపోగా, ఊళ్ళో పెద్దలందరి ముందూ కాలాన్ని వెనక్కి తిప్పే అవకాశం వచ్చిందని ఉప్పొంగిపోయాను. నిమ్మకాయ పక్కకు జరిపి పదీ ఐదు పెట్టమని కమాండ్ కొట్టాను.

కంప్యూటర్ ఒప్పుకోలేదు. టైమ్ దానంతట అదే సరిచేసుకునే ఏర్పాటు నడుస్తోంది, నువ్వు మార్చడానికి వీల్లేదని తెర మీద రాసింది. ఆ గదిలో బుద్ధిగా మాట్లాడింది అదొక్కటే. దాని నోరు మూయించాను.

timedatectl set-ntp false

అంటే ఇంటర్నెట్‌ను టైమ్ అడగడం మానెయ్, నేను చెప్పిందే విను అని. తరువాత పదీ ఐదు పెట్టాను. మొదలాళి మొదటి కార్డు చూపించాడు. గేటు మిషను పదీ ఆరు అని రాసుకుంది. చప్పట్లు. అయ్యవారు నాకూ హారతి పట్టాడు. ఎవరో నా నోట్లో లడ్డు కుక్కారు.

ఆ లడ్డు నములుతూ, చప్పట్లు చెవుల్లో ఇంకా మోగుతుండగా, టైమ్‌ను మళ్ళీ సరిచేయడానికి కూర్చున్నాను. ఇంటర్నెట్ ఏర్పాటు తిరిగి నడిపిస్తే చాలు, దానంతట అదే సరిపోయేది. ఒక్క వరుస పని. అది తట్టలేదు. చేతి వాచీ చూశాను. పదకొండూ ఇరవై ఒకటి. అదే కొట్టాను. కరెంటు పోయినా నిలిచేలా కంప్యూటర్ లోపలి గడియారంలో కూడా అదే రాశాను. పది తీసివేయలేదు.

మా నాన్న వాచీ అలవాటు మా ఫ్యాక్టరీ అంతటికీ అంటుకుంది.

మిషన్ టైమే టైము

శని, ఆదివారాలు సెలవు. సోమవారం గుడియాత్తం టౌన్ బస్సులో వచ్చే పదిహేను మందికీ లేటు పడింది. వాళ్ళు ఎప్పుడూ ఎనిమిదికి రెండు నిమిషాల ముందు గేటులోకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు మిషను ఎనిమిదీ ఎనిమిది చూపిస్తోంది.

వాళ్ళల్లో మునెమ్మ ఒకతి. కుట్టు సెక్షన్‌లో పని. చాలా ఏళ్ళుగా తాత్కాలికమే. ఏటా కొన్ని రోజులు పనిలోంచి నిలిపి మళ్ళీ తీసుకునేవాళ్ళు. ఈసారి ఖాయం చేసే జాబితాలో ఆమె పేరుంది. ఆ నెలంతా పరీక్ష లాంటిది. మూడు లేట్లు పడితే పేరు కొట్టేస్తారు. మిగతావాళ్ళకు లేటు అంటే ఒక తిట్టు. మునెమ్మకు లేటు అంటే ఉద్యోగం.

ఆమె ఊరుకునే మనిషి కాదు. సెల్ తీసి మిషను పక్కన పెట్టి పట్టుకుంది.

"చూడండి సార్, నా సెల్లులో ఏడూ యాభై ఎనిమిది. మీ మిషన్‌కి ఎవరో ఉగాది పచ్చడి ముందే పెట్టినారు!"

పళని సారు వచ్చాడు. హాజరు, క్రమశిక్షణ చూసే అధికారి. తమిళాయన, మాతో తమిళం కలిపిన తెలుగు మాట్లాడతాడు. "అదెల్లాం వేండామ్మా, అదంతా వద్దు. నీ సెల్లు చూసి కంపెనీ నడపలేను. మిషన్ టైమే టైము" అని నా వైపు తిరిగాడు. "ఏంప్పా, మిషన్ కరెక్టు దానే?"

నాలుగు అక్షరాలు కొట్టి నా వాచీతో పోల్చి ఉంటే తేలిపోయేది. ఇంకొంచెం పెద్ద కమాండ్ కొట్టి ఉంటే, ఇంటర్నెట్ ఏర్పాటు ఆగి ఉందని అదే రాసి చూపించేది. నేను కుర్చీలోంచి లేవలేదు కూడా.

"సర్వర్ తప్పు చెప్పదు సార్. సెల్లులకే ఒక్కో కంపెనీ ఒక్కో టైమ్ ఇస్తుంది."

ఇది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. చదువుకున్నవాడు చదువు లేనివాళ్ళ ముందు అనే మాటల్లో ఇది చాలా పాతది.

మంగళవారం మునెమ్మకు ఎనిమిదీ తొమ్మిది పడింది. గేటు దద్దరిల్లేలా అరిచింది. బుధవారం ఆమె బస్సు గుంపుతో రాలేదు. అందరూ లోపలికి వెళ్ళిపోయాక ఒంటరిగా వచ్చింది. కార్డు చూపించింది. ఎనిమిదీ పదిహేడు. మూడో లేటు. ఆ రోజు అరవలేదు. తల ఎత్తలేదు. నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మౌనం నన్ను చాలా ఏళ్ళు తిన్నది. ఆశ వదిలేసుకుని బస్‌స్టాప్ నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చిందనుకున్నాను.

ఇంకో సంగతి. శుక్రవారం, సోమవారం, మంగళవారం సాయంత్రం గంట పది నిమిషాలు ముందే కొట్టింది. ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చెయ్యలేదు. మేలు చేసే తప్పును ఎవరూ పట్టుకోరు.

రెండో ఒంటిగంట

ఆ బుధవారం మధ్యాహ్నమే దొరికిపోయాను. గంట కొట్టాక వాచీ చూసుకున్నాను. ఒంటిగంటా ఒక నిమిషం. తెర చూశాను. ఒంటిగంటా ఒక నిమిషం. రెండూ ఎంత చక్కగా కలిశాయి అని సంతోషించాను. వెంటనే మా నాన్న పది నిమిషాలు గుర్తొచ్చాయి. నా వాచీతో సర్వర్ కలిసిందంటే అంతకంటే దౌర్భాగ్యం లేదు.

అప్పుడైనా లేచి పళని దగ్గరకు వెళ్ళాలి. వెళ్ళలేదు. ఎవరికీ తెలియకుండా పది నిమిషాలు వెనక్కి జరిపేశాను. ఒంటిగంటా మూడు కాస్తా పన్నెండూ యాభై మూడు అయింది. ఇంటర్నెట్ ఏర్పాటు కూడా నడిపించాను. హమ్మయ్య అనుకున్నాను.

కొత్తవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. పని జరుగుతున్న సర్వర్‌లో గడియారాన్ని ఒక్క దెబ్బలో వెనక్కి లాగకండి. కొంచెం కొంచెంగా కలిపే పద్ధతులు ఉన్నాయి. వెనక్కి లాగితే జరిగిపోయిన పది నిమిషాలు మళ్ళీ జరుగుతాయి.

జరిగాయి. మిషను మళ్ళీ ఒంటిగంట చూపించగానే, ఏది చూపిస్తే అది నమ్మే దొరస్వామి మళ్ళీ గంట కొట్టాడు. ముద్దలు గాలిలో ఆగిపోయాయి.

పళని నా గదికి పరిగెత్తుకొచ్చాడు. "ఎన్నప్పా ఇది, ఒక రోజుకి ఎన్ని ఒంటిగంటలు?"

"దొరస్వామి నిద్రమత్తులో ఉన్నట్టున్నాడు సార్" అన్నాను.

దొరస్వామి నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను ఒక్కరోజు కూడా పేరు పెట్టి పిలవలేదు, అయ్యా అనే పిలిచేవాడు. అందరిముందూ తిట్లు తిన్నాడు. "మిషన్ చెప్పింది, నేను కొట్టినా" అని మాత్రం అన్నాడు. ఈ కథలో ఏ ఒక్క మాట వెనక్కి తీసుకునే వరం ఇచ్చినా, నేను వెనక్కి తీసుకునేది ఆ నిద్రమత్తు మాట.

సాంబారు సాక్ష్యం

గురువారం మధ్యాహ్నం పళని పిలిపించాడు. ఆయన బల్ల ముందు మునెమ్మ నిలబడి ఉంది. బల్ల మీద ముందు రోజు హాజరు కాగితం ఉంది. ఒక వరుస కింద ఎర్ర గీత.

"చూడప్పా. ఈయమ్మ ఒంటిగంటా ఒకటికి బయటికి పోయింది. పన్నెండూ యాభై ఆరుకి లోపలికి వచ్చింది. పోకముందే తిరిగి వచ్చింది. ఎట్లా? కార్డులు మార్చుకుంటా ఉండారు. ఒకరి కార్డు ఇంకొకరు చూపిస్తే డిస్మిస్సే. మూడు లేట్లు అనేది పక్కన పెట్టు, ఇది దొంగతనం. నువ్వు టెక్నికల్‌గా ఒక కాగితం రాసి సంతకం పెట్టు."

"నాది నేనే చూపించినా సార్" అంది మునెమ్మ. "పోయింది నేనే, వచ్చింది నేనే. టిఫిన్ క్యారియర్ లోపలే మరిచిపోయి మళ్ళా వచ్చినా. అంతే."

"సాక్షి ఎవరు?"

"సాంబారే సాక్షి. ఆత్రంగా పోతే ఒలికింది. ఆ మెట్ల కాడ ఇంకా మరక ఉండాది, పోయి చూసుకోండి."

మామూలు రోజైతే నవ్వేవాణ్ణి. పళని నా చేతికి పెన్ను ఇచ్చాడు. మునెమ్మ నా వైపు చూసింది. సెల్లు పట్టుకుని ఆమె చెప్పిన నిజాన్ని నేను అబద్ధం చేశాను. ఇప్పుడు నా గడియారం చెప్పిన అబద్ధానికి నా సంతకం కావాలి. సంతకం పెడితే ఆమె పోతుంది, నేను మిగులుతాను. పెన్ను మూత తీశాను కూడా. ఆ మాట దాచుకోను.

మూత మళ్ళీ పెట్టాను. "సార్, తప్పు మునెమ్మది కాదు. దొరస్వామిది కాదు. నాది. మొదలాళి దగ్గరకు పోదాం రండి" అన్నాను.

మొదలాళి గదిలో అంతా చెప్పాను. వాచీ విప్పి బల్ల మీద పెట్టి చూపించాను. ఉద్యోగం పోతుందని ముందే లెక్క వేసుకుని గుమ్మంలోనే చెప్పులు విడిచాను, ఎందుకో నాకే తెలియదు. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"అయితే ఏమప్పా, మొదటి కార్డు పడింది నిజానికి యా టైములో?"

"దగ్గర దగ్గర పదకొండుకు సార్."

"అంటే రాహుకాలంలోనా?"

"రాహుకాలంలోనే సార్."

కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలో కోపం లేదు, ఏదో పెద్ద చిక్కు విడిపోయిన శాంతి. "చూసినావా పళనీ! నేను అప్పుడే అనుకున్నా. రాహువుని మోసం చెయ్యాలని చూస్తే ఊరికే పోతాడా? ఆ వారం లేట్లన్నీ తుడిచెయ్. ఆ అమ్మ కాగితం చించెయ్. వచ్చే శుక్రవారం మంచి గంటలో మళ్ళా పూజ చేద్దాం."

"సార్, ఇది రాహువు తప్పు కాదు, నాది" అన్నాను.

"నువ్వెంత, నీ వాచీ ఎంత! పో, పో."

నేరం ఒప్పుకున్నవాణ్ణి నేనైతే శిక్ష రాహువుకు పడింది. పశ్చాత్తాపపడేవాడికి ఇంతకంటే అవమానం ఉండదు. గుమ్మం దాటాక పళని ఆగి, "పోప్పా, ఇంత నిజం చెప్పిన అడ్మిన్‌ని నేను చూడలా" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తెలియదు.

గేటు దగ్గర

రాహువు మోసినంత మాత్రాన నా బరువు దిగలేదు. శుక్రవారం పొద్దున గుడియాత్తం బస్సు వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. ఆ పదిహేను మందితో, మీ సెల్లులు నిజం, నా మిషను, దానికి టైమ్ ఇచ్చిన నా వాచీ అబద్ధం, ఆ రోజు నేను చెప్పింది తప్పని చెప్పాను. దొరస్వామి చేతులు పట్టుకుని, నిద్రమత్తు నీది కాదు, నాది అన్నాను.

"పోనీలే అయ్యా" అన్నాడు దొరస్వామి. "రెండోసారి కొట్టినప్పుడు నాకూ అనుమానమే. అయినా గంట కొట్టడం అంటే నాకు ఇష్టం."

వెనక నుంచి ఎవరో "సారుకి మూడు లేట్లు ఎయ్యండి!" అని అరిచారు. ఇంకొకామె, "సాయంత్రం మాత్రం పాత టైమే ఉండనీ సార్, బాగుండింది!" అంది. మునెమ్మ ముందుకు వచ్చి నా మణికట్టుకున్న వాచీ చూపించింది.

"మాటలు చాలు గాని, ముందు దాన్ని సరి చెయ్."

వాళ్ళ సెల్లులన్నీ నా చుట్టూ లేచాయి. వాటి మధ్య, మా నాన్న పెట్టిన పది నిమిషాలను వెనక్కి తిప్పాను. దొరస్వామి గంట కొట్టాడు, ఎనిమిది కాకుండానే.

ఆ సాయంత్రం వాచీ చూసి, అలవాటు కొద్దీ ఇంకా చేతిలో పది నిమిషాలు ఉన్నాయి కదా అని నింపాదిగా నడిచి బస్సు తప్పిపోయాను.

తీసివేత

మునెమ్మ ఆ నెలలోనే ఖాయమైంది. ఇప్పుడు కుట్టు సెక్షన్‌కు సూపర్‌వైజరు. మా వైపు చాలామందిలాగే ఆమె తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆమె గురించి రాసింది ఆమె వినకుండా అచ్చుకు ఇవ్వడం న్యాయం కాదని, మొన్న ఆదివారం గుడియాత్తంలో వాళ్ళ ఇంటికి వెళ్ళి ఇదంతా చదివి వినిపించాను. సాంబారు దగ్గర పగలబడి నవ్వింది. రాహువు దగ్గర కళ్ళు తుడుచుకుంది. మూడో రోజు మౌనం నన్ను తిన్నది అనేచోట మాత్రం నవ్వడం ఆపేసింది.

"సార్, నిజంగానే అన్ని దినాలు బాధ పడినావా?"

"పడ్డాను."

"ఆ లేటు యా టైముకి పడిందని రాసినావు?"

"ఎనిమిదీ పదిహేడు."

"అందులో పది తీసెయ్."

ఎనిమిదీ ఏడు. ఐదు నిమిషాల మినహాయింపు పోయినా ఇంకా రెండు నిమిషాలు మిగులుతాయి. మిషను సరిగ్గా ఉన్నా లేటే. ఇన్నేళ్ళుగా ఆ మూడు టైములు నాకు కంఠతా వచ్చు. ఈ కాగితం మీద నా చేతితోనే రాశాను. ఒక్కసారి కూడా తీసివేసి చూడలేదు.

"ఆ పొద్దు నిద్ర పోయినా సార్" అంది. "బాగా నిద్ర పోయినా. బస్సు ఎళ్ళిపాయ. మా తమ్ముడు బండి మీద దించినాడు. రెండు దినాలు అంత అరిచి, నిజంగా లేటుగా వచ్చిన దినం ఏ మొహం పెట్టుకోని అరిచేది? నీ మొహం చూసినా, కనుక్కున్నావేమో అని బిక్కు బిక్కుమంటా పోయినా. తరువాత అన్నీ తుడిచేసినారు, సరే అని ఊరికే ఉండినా."

 నాకు నవ్వు వచ్చింది. ఇద్దరం నవ్వుతూంటే వాళ్ళ అమ్మ లోపలి నుంచి వచ్చి ఏమైందో అడిగింది. నవ్వు ఇంకా ఎక్కువైంది.

ఈ భాగం రాయనా వద్దా అని అడిగాను. సూపర్‌వైజరుకు మాట వస్తుందేమో అని.

"రాయి సార్" అంది మునెమ్మ. "ఏడు నిమిషాలు ఎక్కువ నిద్ర పోయింది అని రాయి. సరిగ్గా ఏడు. ఎనిమిది అని రాసేవు, చూసుకో."